ఒప్పజెప్పిన మాట

ఎమ్మెల్యే తిరుమలరావు గారి దగ్గర ఉన్నవి నాలుగే నాలుగు ప్రసంగాలు. ఒకటి శంకుస్థాపనలకి, ఒకటి పెళ్ళిళ్ళకి, ఒకటి ప్రతిపక్షాన్ని తిట్టడానికి, ఒకటి చావులకి. మధ్యలో ఆయన పార్టీ మారారు. మెడలో కండువా రంగు మారింది, వెనకాల ఫ్లెక్సీలో నాయకుడి మొహం మారింది. తిట్ల ప్రసంగం మాత్రం చెక్కు చెదరలేదు. దేవుడన్న చోట దొంగ, దొంగ అన్న చోట దేవుడు, అంతే తేడా. జనం అప్పుడూ చప్పట్లు కొట్టారు, ఇప్పుడూ కొట్టారు. కొట్టక ఏం చేస్తారు, బిర్యానీ పొట్లాలు ఇచ్చేది సభ అయ్యాకే కదా.

నాలుగింటిలోనూ పేరు మోసింది చావులదే. ఆఫీసులో దాన్ని 'తలుపు' అనేవారు. అరసవల్లి రోడ్డులో ఆఫీసు ముందు బండి తుడుస్తూ డ్రైవరు రోజూ అడిగేవాడు.

"ఈశ్వర్ బాబూ, ఇయ్యాల టాంకా, తలుపా?"

టాంకంటే నీళ్ళ టాంకు ప్రారంభం. తలుపంటే ఎవరో పోయారని. ఈశ్వర్ నవ్వేవాడు. అందరూ నవ్వుతుంటే తనొక్కడూ మొహం ముడుచుకుంటే కారణం అడుగుతారు. అందుకని నవ్వేవాడు, నవ్విన ప్రతిసారీ లోపల కలుక్కుమనేది. ఆ ప్రసంగం రాసింది అతనే. విజయనగరంలో తెలుగు ఎమ్మే చేసి, ఏ ఉద్యోగమూ దొరక్క, ఎమ్మెల్యే గారి పీఏల్లో ఒకడుగా కుదురుకున్నవాడు.

ఆ ప్రసంగంలో పోయినవాడి పేరూ ఊరూ చెప్పాక ఎమ్మెల్యే గారు కాసేపు ఆగుతారు. కళ్ళజోడు తీస్తారు. "అమ్మా, ఆ రోజు ఇల్లు కదిలేటప్పుడు ఆ మనిషి భార్యతో ఏమన్నాడో తెలుసా? తలుపు గెడ పెట్టకే, నేనొచ్చేసరికి నువ్వు నిద్రపోతావు, అన్నాడు. ఆ తల్లి ఈనాటికీ గెడ పెట్టలేదు." ఇక్కడ గొంతు పూడుకుపోతుంది. కండువాతో కళ్ళు ఒత్తుకుంటారు. "అక్కల్లారా, చెల్లెళ్ళారా, మీకు మాటిస్తున్నాను. ఈ రోజు నుంచి నా ఇంటి తలుపు కూడా గెడ పెట్టను. మీరు ఎప్పుడొచ్చి తట్టినా పలుకుతాను." గెడ పెట్టని తలుపుని తట్టడమెందుకని ఎవరూ అడగలేదు. ఆయన ఇంటికి నిలువెత్తు ఇనప గేటూ, గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న కానిస్టేబులూ ఉన్నారన్న సంగతి కూడా ఆ నిమిషంలో ఎవరికీ గుర్తు రాదు. ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటారు.

పిడుగు పడి పోయిన రైతుకి ఆ ప్రసంగమే. లారీ గుద్దిన ఆటో డ్రైవరుకీ అదే. రైసు మిల్లు ఆసామి ఒకాయన తొంభై ఏళ్ళు నిండి, ఏడాదిగా మంచం దిగకుండా పోతే, ఆయన కూడా ఇల్లు కదుల్తూ తలుపు గెడ పెట్టొద్దనే అన్నాడు. పెళ్ళి కాని కుర్రాడు పోతే భార్య స్థానంలో తల్లి వచ్చింది. మాట మాత్రం అదే.

ఆ మాట మరెవరిదో కాదు. ఈశ్వర్ చిన్నాన్న దాలయ్యది.

ఈశ్వర్ ది సముద్రం ఒడ్డున నీలమ్మపేట. తండ్రి అతని చిన్నప్పుడే జ్వరంతో పోయాడు, తల్లీ ఎక్కువ కాలం బతకలేదు. పిల్లల్లేని చిన్నాన్న దాలయ్యా, పిన్ని కూర్మమ్మా పెంచి పెద్దచేశారు. దాలయ్య వేటకి వెళ్ళి వల లాగాడు, కూర్మమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మింది, ఈశ్వర్ చదువుకున్నాడు. చదువు పూర్తయిన ఏడు దాలయ్య వేటకి వెళ్ళి తిరిగి రాలేదు.

నీలమ్మపేటలో ఒక పద్ధతి ఉంది. సముద్రం మీదికి వెళ్ళిన మనిషి రాకపోతే, శవమైనా ఒడ్డుకి కొట్టుకురాకపోతే, పోయాడని అంత తొందరగా అనరు. ఇంకా రాలేదు అంటారు. అమావాస్య దాటేదాకా చూస్తారు. అప్పటికీ జాడ లేకపోతే పెద్దలు కూర్చుని, ఇక సరే అనుకుంటారు. కర్మ చెయ్యడానికి శవం లేదు, బూడిద లేదు. ఉన్నదల్లా అతను ఇల్లు కదిలేటప్పుడు గుమ్మంలో నిలబడి అన్న ఆఖరి మాట. భార్య అన్నాళ్ళూ దాన్ని ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకుంటుంది. కర్మకి ముందు రోజు సాయంత్రం, కర్మ చేసేవాడికి ఒక్కడికే చెవిలో చెబుతుంది. తెల్లారి అతను నీళ్ళల్లోకి దిగి నిలబడి, ఆ మాట గంగమ్మకి చెప్పేస్తాడు. దాన్ని ఒప్పజెప్పడం అంటారు. ఒప్పజెప్పిన మాట ఆ పైన ఎవరూ పలకరు. పలికితే పోయినవాడు పోలేక తిరుగుతూనే ఉంటాడని వాళ్ళ నమ్మకం.

దాలయ్య మాట ఒప్పజెప్పింది ఈశ్వరే. కూర్మమ్మ ఆ సాయంత్రం అతని తల దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది. ఆయన రాలేదని తెలిసిన రోజు నుంచీ ఆమె నిజంగానే తలుపు గెడ పెట్టలేదు. కుక్కలు లోపలికొచ్చి కుండలు దొర్లించినా పెట్టలేదు. తెల్లారి ఈశ్వర్ నీళ్ళల్లోంచి తిరిగొచ్చాకనే పెట్టింది.

మరి ఆ మాట నోరు దాటి ఎలా వచ్చిందంటే, చెప్పుకోవడానికి ఈశ్వర్ కి ఇప్పటికీ మొహం చెల్లదు. ఉద్యోగంలో చేరిన కొత్త. నరసన్నపేట అవతల ఒక ఊళ్ళో రైతు మీద పిడుగు పడింది. ఎమ్మెల్యే గారు కారులో కూర్చుని, "తీరని లోటు, అగాధమైన దుఃఖం, ఇవన్నీ వద్దయ్యా. గుండెకి తగిలేది ఒక్క ముక్క చూడు" అన్నారు. కారు పరిగెడుతోంది, ఊరు దగ్గరపడుతోంది, బుర్రలో ఒక్క ముక్కా లేదు. కాగితం మీద పెన్ను దానంతటది కదిలిందని తర్వాత తనకి తను చెప్పుకున్నాడు. పెన్నులు వాటంతటవి కదలవు. చిన్నాన్న పేరు రాయలేదు కదా, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడు, రాశాడు.

ఆ రోజు ఊరు ఊరంతా ఏడ్చింది. ఎమ్మెల్యే గారికి నిజంగానే కన్నీళ్ళు వచ్చాయి. వీడియో ఫోన్లన్నిట్లో తిరిగింది. తిరుగు ప్రయాణంలో ఆయన ఈశ్వర్ భుజం మీద చెయ్యి వేసి, ఇక నుంచి నా కారులోనే రావయ్యా అన్నారు. ఆ సాయంత్రం ఈశ్వర్ కి సిగ్గు వెయ్యలేదు. గర్వం వేసింది. సిగ్గు ఆ తర్వాత, రెండో ఊళ్ళో, మూడో ఊళ్ళో, ఆ మాటకి గొంతు ఎక్కడ పూడుకోవాలో ఎమ్మెల్యే గారికి బాగా అలవాటయ్యాక మొదలైంది. అప్పటికి ఆపమనడానికి నోరు రాలేదు. కారులో సీటు మెత్తగా ఉంది మరి.

ఒక్కటే ధైర్యం. కూర్మమ్మ దగ్గర నొక్కే ఫోనే తప్ప బొమ్మలు కనబడే ఫోను లేదు. మోకాళ్ళ నెప్పులతో ఊరు దాటడం మానేసింది. ఎమ్మెల్యే గారు నీలమ్మపేటకి ఓట్లకి తప్ప రారు. ఆ మాట ఎన్ని ఊళ్ళు తిరిగినా పిన్ని చెవిన పడదు, పడకపోతే చాలు.

అలాంటిది లక్ష్ముడు రాలేదు.

లక్ష్ముడు ఈశ్వర్ కి వరసకి తమ్ముడు, తాతల నాటి దాయాదుల బిడ్డ. బోటు బోల్తా కొట్టింది. కూడా ఉన్నవాళ్ళు ఈదుకుని వచ్చారు, లక్ష్ముడు రాలేదు. పెళ్ళాం దుర్గకి నిండా పాతికేళ్ళు లేవు, పిల్లలు లేరు. అమావాస్య దాటింది. పెద్దలు సరే అనుకున్నారు. కర్మ చెయ్యవలసిన వరస ఈశ్వర్ దే. ఇంతలో పంచాయతీ ఎన్నికలు దగ్గరికొచ్చాయని పార్టీవాళ్ళకి నీలమ్మపేట గుర్తొచ్చింది. కర్మకి ముందు రోజు మధ్యాహ్నం ఊళ్ళో సంతాప సభ, ఎమ్మెల్యే గారి చేతుల మీదుగా చెక్కు.

ఈశ్వర్ కి ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి అన్నం సహించలేదు. కూర్చుని కొత్త ప్రసంగం రాశాడు. లక్ష్ముడు మంచి ఈతగాడని, పక్కవాణ్ణి బోటు చెక్క మీదికి తోసి తను వెనకబడిపోయాడని, బతికొచ్చినవాళ్ళు చెప్పిందే రాశాడు. ఇన్నాళ్ళలో అతను రాసినవాటిలో అబద్ధం లేనిది అదొక్కటే. అది పట్టుకుని ఎమ్మెల్యే గారి ముందు నిలబడ్డాడు.

"సార్, రేపు ఇది చదవండి. తలుపు మాత్రం వద్దు సార్."

"ఏమయ్యా, ఎందుకు?"

అప్పుడు చెప్పేసి ఉండవలసింది. అది మా చిన్నాన్న మాట సార్, మా పిన్ని ముందు వరసలో కూర్చుంటుంది సార్, అంటే సరిపోయేది. తిరుమలరావు గారు బద్ధకస్తుడే గాని రాయి కాదు. కానీ ఆ ముక్క చెబితే, మీ చిన్నాన్న మాట తెచ్చి నాకు ఎందుకిచ్చావయ్యా అని ఆయన అడుగుతారు. దానికి జవాబు లేదు. ఈశ్వర్ వేరే కారణం వెతుక్కున్నాడు.

"మా ఊళ్ళో కుర్రాళ్ళు ఫోన్లలో వినేశారు సార్. పాతబడిపోయింది."

"ఓస్, అంతేనా!" అని ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "నీ ఊరు కదయ్యా. నువ్వెలా అంటే అలా."

చేపలు ఎండబెట్టే దిబ్బ మీద షామియానా వేశారు. సముద్రం గాలికి గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో దుర్గ. ఆమె పక్కన కూర్మమ్మ, ఆ పిల్ల చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని. వెనకాల ఆడవాళ్ళు, ఆ వెనకాల మగవాళ్ళు. ఈశ్వర్ షామియానా గుంజ దగ్గర నిలబడ్డాడు. అక్కణ్ణుంచి వేదికా కనబడుతుంది, పిన్నీ కనబడుతుంది.

ఎమ్మెల్యే గారు మాట తప్పలేదు. కాగితం తీశారు. లక్ష్ముడి గురించి నాలుగు వాక్యాలు చదివారు. కానీ ఆయనకి చదవడం అలవాటు లేదు. గాలికి కాగితం రెపరెపలాడింది, ఒక వరస రెండుసార్లు చదివారు, ఒక వరస వదిలేశారు. జనం కదిలారు. ఎవరో దగ్గారు. వెనక మగవాళ్ళలో కబుర్లు మొదలయ్యాయి. జనం చెయ్యి జారిపోతుంటే ఏ నాయకుడైనా తెలిసిన దారిలోకే తిరుగుతాడు. తిరుమలరావు గారు కాగితం మడిచారు.

కళ్ళజోడు తీశారు.

ఈశ్వర్ చెయ్యి ఎత్తాడు, వద్దన్నట్టు ఊపాడు. ఎమ్మెల్యే గారు అతని వైపు చూడలేదు.

"అమ్మా, ఆ రోజు వేటకి బయల్దేరేటప్పుడు మన లక్ష్ముడు దుర్గమ్మతో ఏమన్నాడో తెలుసా?"

షామియానా కింద ఒక్కసారిగా గుసగుసలు ఆగిపోయాయి. జనం తన మాటల్లో పడిపోయారని ఆయన అనుకున్నారు. వాళ్ళు బిత్తరపోయారు. ఇంకా ఒప్పజెప్పని మాటని మైకులో అడగడమేమిటి? దుర్గ తల ఎత్తి చూసింది.

"తలుపు గెడ పెట్టకే, నేనొచ్చేసరికి నువ్వు నిద్రపోతావు, అన్నాడు."

కూర్మమ్మ కుర్చీలో నిటారుగా అయిపోయింది. తర్వాత దుర్గ మొహాన్ని రెండు చేతుల్తో పట్టుకుంది. ఆ ముసలి కళ్ళు నిండిపోయాయి. ఆమెకి కోపం రాలేదు, ఆశ్చర్యం వచ్చింది, ఆనందం లాంటిదేదో కూడా వచ్చింది. ఈశ్వర్ కి తట్టుకోలేనిది అదే.

"నీ పెనిమిటి కూడా అదే మాటన్నాడేటే తల్లీ? సరిగ్గా అదే మాట? గంగమ్మ తల్లి మళ్ళీ తిప్పి పంపించిందేటే?"

దుర్గ తల అడ్డంగా ఊపింది.

"నేదత్తా. ఆయన అలగననేదు. ఆయనన్నది ఏరే."

వెనక వరసలో చేపలమ్మే తాయారు ఉంది. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. దుర్గ ఏడుపు చూడలేక ముందుకి వంగి గట్టిగానే అంది.

"ఓలమ్మా, అత్తా, నువ్వూరుకో. లక్ష్ముడనడమేటి! ఈ బాబు ఎక్కడికెల్లినా ఇదే సెప్తాడు. నాను నరసన్నపేట సేపలట్టుకెల్లినప్పుడు బెల్లం సావుకారి పోతే అక్కడా ఇదే సెప్పాడు. ఆ సావుకారి కూడా తలుపు గెడెట్టొద్దన్నాడట. ఊరూరా ఒకలూ గెడెట్టుకోరు గావాల!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకరు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. వెనక నుంచి ఒకడు, కళ్ళు తుడుసుకుంటాడు సూడండి ఇప్పుడు, అన్నాడు. ఎమ్మెల్యే గారు సరిగ్గా అప్పుడే కండువా కళ్ళ దగ్గరికి ఎత్తారు. ఇక ఆగలేదు. షామియానా అంతా నవ్వింది. అన్నాళ్ళుగా ఏడ్చిన జనం, నవ్వకూడదని తెలిసి కూడా నవ్వారు. ఆ నవ్వు మధ్య దుర్గ కుర్చీలో ముడుచుకుపోయి, చెవులు మూసుకుని కూర్చుంది.

కూర్మమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమె వేదిక వైపు చూడలేదు. మెల్లగా తల తిప్పి, గుంజ దగ్గర నిలబడ్డ ఈశ్వర్ వైపు చూసింది. ఆ మాట ఈ భూమ్మీద తెలిసింది ఇద్దరికే. తను మరెవరికీ చెప్పలేదు.

ఈశ్వర్ తల దించుకున్నాడు. భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది. చీలలేదు. చేపల పొలుసుల మీద ఎండ మెరుస్తోంది, అంతే.

చెక్కు ఇవ్వడం, ఫోటో తియ్యడం తొందరగా కానిచ్చేశారు. కారు దగ్గర ఎమ్మెల్యే గారు చెమట తుడుచుకున్నారు.

"గాలికి కాగితం నిలవలేదయ్యా. అలవాటైన నోరు, ఏం చెయ్యను. అయినా మీవాళ్ళేంటలా నవ్వుతారు?"

ఈశ్వర్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

"పోనీలే. తలుపు పని అయిపోయింది, ఇంకోటి చూడు. రేపు ఎలాగూ ఇక్కడే ఉంటావు కదా. ఆ అమ్మాయి ఇందాక ఏదో వేరే అన్నాడంది. అదేంటో కనుక్కో. బాగుంటే పనికొస్తుంది."

"సరే సార్" అన్నాడు ఈశ్వర్.

కారు వెళ్ళిపోయి దుమ్ము అణిగిపోయాక గాని, తన నోట్లోంచి ఏం వచ్చిందో అతనికి తెలియలేదు. అలవాటైన నోరు తనది కూడా. ఆ దిబ్బ మీదే నిలబడిపోయాడు.

ఇంటికి వెళ్ళేసరికి కూర్మమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో పని లేదు. ఆమె ఖాళీ చేతుల్తో కూర్చోవడం ఈశ్వర్ ఎప్పుడూ చూడలేదు. ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"నువ్వేనేటి?" అంది.

"నానే పిన్నీ."

"ఎన్నూళ్ళు సెప్పించినావు?"

"లెక్క తెలీదు."

"మీ సిన్నాన్న పేరు సెప్పీవోడా ఆ బాబు?"

అబద్ధం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. చెప్పేవారు పిన్నీ, ప్రతి ఊళ్ళోనూ చిన్నాన్న పేరు చెప్పి దండం పెట్టేవారు, అంటే ఆ ముసలిదాని ప్రాణానికి కాస్త ఊరట. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అలాంటివి అల్లడమే కదా అతని వృత్తి.

"నేదు. ఎవలు పోతే ఆళ్ళ పేరెట్టీసీవోళ్ళం."

కూర్మమ్మ తల పంకించింది.

"నడుం లోతు నీళ్ళల్లో దిగి నువ్వే గదరా ఒప్పజెప్పినావు. సలికి వొణికిపోతా వొచ్చినావు, నాను తువ్వాలెట్టి తుడిసినాను. సల్లగా ఎల్లిపోయాడులే మనిసి అనుకున్నాను. ఎల్లనేదన్నమాట. బెల్లం సావుకారింటికీ, ఆడింటికీ, ఈడింటికీ, పరాయోళ్ళ పేర్లెట్టుకోని ఇన్నాళ్ళూ తిరగతన్నాడన్నమాట."

"పిన్నీ, నాకు సిగ్గుతో సచ్చిపోవాలనుంది."

"ఆ సిగ్గు రాసినప్పుడు రావాల. ఇప్పుడొచ్చి ఏటి సేస్తాది?"

తిట్టలేదు. చెయ్యెత్తలేదు. కొట్టినా బాగుండునని ఈశ్వర్ అనుకున్నాడు. ఆమె మోకాళ్ళు పట్టుకుని లేచి, చీర కొంగు దులుపుకుని, దుర్గ ఇంటివైపు నడిచింది. అతనూ వెనకాల నడిచాడు. పొద్దు వాలుతోంది. కర్మ చేసేవాడు దుర్గ దగ్గరికి వెళ్ళవలసిన వేళ అది.

దుర్గ గుమ్మం దగ్గర పెద్దాయన జోగయ్య చుట్ట ఆర్పేసి లేచాడు. ఊళ్ళో ఏ ఇంట్లో కర్మ జరిగినా ముందుండి నడిపించేది ఆయనే. "రారా ఈశ్వరా. పిల్ల ఎదురుసూస్తంది" అన్నాడు.

లోపల దుర్గ గోడకి చేరబడి ఉంది. కళ్ళు వాచిపోయాయి. ఈశ్వర్ ని చూసి సర్దుకుని కూర్చుంది. మధ్యాహ్నం జరిగినదానికి ఆ పిల్ల ఎమ్మెల్యేని తిట్టుకుందే గాని, ఇందులో ఈశ్వర్ చెయ్యి ఉందని ఆమెకి తెలియదు. ఆమెకి అతను చదువుకున్న బావ, రేపు తన మొగుణ్ణి సాగనంపవలసిన మనిషి.

"బావా, ఇలగొచ్చి కూకో" అంది. "ఎన్నాళ్ళనుంచో మొయ్యలేకపోతన్నాను. నీకు సెప్పీస్తే నిద్దరోతాను."

ఈశ్వర్ వంగి కూర్చోబోయాడు. కూర్మమ్మ మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ఒద్దమ్మా. ఈడి కాడొద్దు."

"అదేటత్తా?"

"ఈడికి సెప్పకు. ఈడు నీ ముందర కూకున్నా, నిలబడ్డా, నువ్వు నోరిప్పకు."

జోగయ్య గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడు. "అదేటి కూర్మీ! వరసైనోడు ఈడొక్కడే గదా. మరెవులు నిలబడతారు?"

"నాను నిలబడతాను."

"ఆడదానివి నువ్వు నీళ్ళల్లో నిలబడ్డమేటి? మన పేటలో ఎప్పుడన్నా ఉన్నాదా?"

"ఒప్పజెప్పిన మాట మైకులో సెప్పించడం ఉన్నాదేటి మన పేటలో?"

జోగయ్యకి ఒక్క క్షణం పట్టింది. ఆయన కూడా షామియానా కింద కూర్చున్నవాడే. కూర్మమ్మ మొహం చూశాడు, తర్వాత ఈశ్వర్ మొహం చూశాడు. ఆ మొహంలో అంతా రాసే ఉంది కాబోలు, ఇంకేమీ అడగలేదు. దుర్గ చెయ్యి మెల్లగా తన నోటి మీదికి వెళ్ళింది.

నేను ఎవరికీ చెప్పను, నా మీద ఒట్టు, అనాలని ఈశ్వర్ నోరు తెరిచాడు. కారు దగ్గర అన్న 'సరే సార్' ఇంకా ఆ నోట్లోనే ఉంది. ఒట్టు వెయ్యడానికి ఆ నోరు సరిపోదని అతనికే తెలిసింది. లేచి బయటికి వచ్చాడు. వెనకాల కూర్మమ్మ నేల మీద కూర్చుని, దుర్గ తలని తన చెవి దగ్గరికి తీసుకుంటున్న అలికిడి వినబడింది.

గోడ పక్కన నిలబడ్డాడు. ఎక్కడికి వెళ్ళాలో తెలియలేదు. జోగయ్య గుమ్మం దిగి అతని దగ్గరికి వచ్చాడు. పుట్టిన దగ్గర్నుంచీ అతన్ని ఒరే అని తప్ప పిలవనివాడు, దూరం నుంచి వచ్చిన ఆఫీసరుతో మాట్లాడినట్టు చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు.

"మీరు కొంచెం అవతలికెల్లి నిలబడండి బాబూ. ఇక్కడికి ఇనబడతాది."